పదహారు కిలోల రాగికి విలువ కట్టించిన వైనం

ఎవరైనా పాత రాగి తెస్తే మా కొట్లో మొదట కాటా మీద పెడతాం. మాది అజ్జరం దగ్గర ఊరు. మూడు తరాలుగా ఇత్తడి, రాగి సామాను వ్యాపారం. మేనమామ పోయాక ఆయన అమెరికా నుంచి తెచ్చుకున్న చెక్కపెట్టెలో తొమ్మిది రాగి పలకలు కనిపిస్తే వాటినీ కాటా మీదే పెట్టాను. ఒక్కొక్కటి 20 సెంటీమీటర్ల చదరం, అర సెంటీమీటరు మందం. మొత్తం 16 కిలోల పైచిలుకు. పాత రాగి లెక్కన ఎంతవుతుందో మనసులో కట్టేసుకున్నాను కూడా.

పెట్టె అడుగున ఇన్సూరెన్సు కాగితాల మధ్య ఒక పత్రం ఉంది. పలకలను దేనికీ అతికించకుండా నేల మీద మూడు వరుసల్లో పరచాలని అందులో బొమ్మ గీసి ఉంది, కింద సంతకం ఉంది. కార్ల్ ఆండ్రే అని ఒక అమెరికా శిల్పిది. హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదువుతున్న మా అమ్మాయికి ఫొటో పంపితే నిమిషంలో ఫోను చేసింది. "నాన్నా, దాన్ని మూసలో వేయకు" అంది.

అలా ఒక విదేశీ ఆన్‌లైన్ సంస్థకు ఫీజు కట్టాను. కళాఖండానికి వేలంలో ఎంత పలుకుతుందో అంచనా వేసి నివేదిక ఇస్తారు. ఫీజులో కొంత వెనక్కి ఇచ్చే సంగతి ఇంకా నలుగుతోంది కాబట్టి పేరు రాయను. మూడు వారాలు పట్టింది. ఐదు నక్షత్రాలకు నేనిచ్చేది మూడు.

ఆ మూడూ వాళ్లు అడిగిన ప్రశ్నలకే. పత్రం రెండు వైపులా ఫొటో అడిగారు. గ్యాలరీ బిల్లు ఉందా అన్నారు, ఎప్పుడైనా ప్రదర్శనకు ఇచ్చారా అన్నారు. ప్రతి పలక వెనక వైపునూ అంచులనూ, దీపం పక్క నుంచి పెట్టి గీతలు కనబడేలా తీసి పంపమన్నారు. పత్రం గురించి ఇంత పట్టుదల దేనికో మొదట నాకు అర్థం కాలేదు. రాగి నా దగ్గర ఉంటే కాగితంతో పనేమిటి?

పని ఉందట. ఈ ఆండ్రే చెక్కేవాడు కాదు, పోత పోసేవాడు కాదు, అతికేవాడు కాదు. 1960 నుంచి 1964 వరకు రైల్వేలో పనిచేసిన మనిషి. ఫ్యాక్టరీలో తయారైన పలకలో ఇటుకలో కొని, నేల మీద ఒక క్రమంలో పరిచేవాడు. 1966లో 120 ఇటుకలు చొప్పున పేర్చిన కొన్ని శిల్పాలను ప్రదర్శనకు పెట్టాడు. అవి అమ్ముడుపోకపోతే ఇటుకలను అమ్మినవాళ్లకే తిరిగి ఇచ్చేశాడు. తరువాత మళ్లీ కావలసి వస్తే వేరే ఇటుకలు తెచ్చి పేర్చాడు. వాటిలో ఒకదాన్ని లండన్‌లోని టేట్ మ్యూజియం 1972లో కొన్నది. 1976లో పత్రికలు బయటపెట్టి, ప్రజల సొమ్ముతో ఇటుకలు కొంటారా అని దుమ్మెత్తిపోశాయి. ఈ సంగతి చెబితే మా వైపు బట్టీల వాళ్లు పడీ పడీ నవ్వారు. ఏ లోడు ఇటుకలైనా ఒకటే అయినప్పుడు, ఇది ఆయన పనే అని చెప్పగలిగేది ఆ పత్రం ఒక్కటే కదా. అదే వరుసలో డాన్ ఫ్లావిన్ అని ఇంకొకాయన బజారులో దొరికే ట్యూబులైట్లతో శిల్పాలు కట్టాడు. ట్యూబు మాడిపోతే మార్చుకోవచ్చు, పత్రం పోతే మాత్రం అమ్మకం కష్టం. ఆ శిల్పాలను పన్ను కోసం లైటు సామానుగా లెక్కకట్టాలని 2010లో యూరోపియన్ కమిషన్ తేల్చింది. కాటా మీద పెట్టింది నేనొక్కడినే కాదన్నమాట.

వాళ్ల చివరి ప్రశ్న, పలకలను ఎప్పుడైనా శుభ్రం చేశారా అని. ఇక్కడ నోరు పెగల్లేదు. సంక్రాంతి ముందు మా అమ్మ చింతపండు, ఉప్పు పెట్టి రెండింటిని తళతళలాడేలా తోమేసింది. ఏళ్ల తరబడి పట్టిన ఆ నల్లటి ఛాయ కూడా సరుకులో భాగమేనని, అది పోతే ధర తగ్గుతుందని నివేదికలో రాశారు. నిజం చెప్పినందుకు నష్టమే జరిగింది, అయినా అడిగినందుకు వాళ్లను మెచ్చుకుంటాను.

ఇక పోయిన రెండు నక్షత్రాల సంగతి. నివేదిక మొదటి పేజీలోనే డొనాల్డ్ జడ్ అనే ఇంకో అమెరికా శిల్పి చేసిన శిల్పం ఒకటి 2013లో న్యూయార్క్‌లో 1 కోటీ 41 లక్షల డాలర్లకు పోయిందని పెద్ద అక్షరాల్లో వేశారు. జడ్ వేరు, ఆండ్రే వేరు. పైగా అది 1963 నాటి పెద్ద పని, నాది ఒళ్లో పట్టే పెట్టె. పులస ధర చూపించి ఇలసకు బేరం పెట్టడం గోదావరి వాళ్లకు కొత్తేమీ కాదు గానీ, ఫీజు తీసుకుని చెబితే కోపం వస్తుంది. ఆండ్రే సొంత అమ్మకాలు నాలుగో పేజీలో ఉన్నాయి. అందులోనూ పరిమాణం, లోహం, తయారైన సంవత్సరం నా దానికి దగ్గరగా ఉన్నవి రెండే.

ఇంకొక మెలిక వ్యాపారస్థుడి కంటికే ఆనుతుంది. పోలికకు ఇచ్చిన పాత ధరల్లో కొన్నవాడు వేలం సంస్థకు కట్టే రుసుము కలిసి ఉంది. అది పాతిక శాతం దాకా ఉంటుంది, ఒక్కోసారి దాటుతుంది కూడా. నాకిచ్చిన అంచనా మాత్రం సుత్తి పడే ధర, అంటే రుసుము కలపకముందు పాట ఆగిన ధర. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక్క ముక్కా చెప్పలేదు. ఆ సుత్తి ధరలోంచి కూడా అమ్మేవాడి కమిషను, రవాణా, బీమా పోవాలి. మజూరీ, తరుగు విడిగా చూపకుండా నేను బిల్లు రాస్తే మా ఊళ్లో ఊరుకుంటారా?

అసలు రాయవలసిన మాట ఇంకొకటి వదిలేశారు. ఆండ్రే భార్య, కళాకారిణి అనా మెండియెటా 1985లో వాళ్ల 34వ అంతస్తు ఇంటి కిటికీలోంచి పడి చనిపోయింది. ఆయన మీద హత్య కేసు నడిచి, 1988లో నిర్దోషి అని తీర్పు వచ్చింది. అయినా ఆయన ప్రదర్శనల దగ్గర నిరసనలు ఆగలేదు. 2024లో ఆయన పోయాక కూడా ఆ మాట చుట్టూ తిరగని రాత లేదు. కొనేవాడు ఇది ఆలోచించడా? నాకు ఇదంతా మా అమ్మాయి చెప్పింది, ఫీజు లేకుండా.

అంకె ఎంతో ఇక్కడ రాయను, ఊళ్లో వాళ్లూ చదువుతారు. పై అంచనా కింది అంచనాకు మూడింతలు ఉందని మాత్రం చెబుతాను. కింది అంకె కూడా కాటా లెక్కకు అందనంత ఎత్తులోనే ఉంది. పత్రం, బిల్లు రెండూ చేతిలో ఉన్నవాళ్లు ఈ సేవకు వెళ్లవచ్చు. రుసుము కలిపిన ధరా, కలపనిదా అని మొదటి ఉత్తరంలోనే అడగండి.

పలకలు ఇప్పుడు మేడ మీద గదిలో పత్రంలో ఉన్నట్టే పరిచి ఉన్నాయి. ఏడు నల్లగా, రెండు మెరుస్తూ. మిగిలినవి కూడా తోమేస్తే అన్నీ ఒకలా ఉంటాయి కదా అని అమ్మ రోజూ అడుగుతోంది. గది తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను.