క్లోనింగా, ఫ్రెష్ ఇన్‌స్టాలా? ఎస్ఎస్‌డీకి మారేటప్పుడు ఏది మేలు?

పాత ల్యాప్‌టాప్ ఆన్ చేసి, టీ పెట్టుకుని తాగి వచ్చినా ఆ చుక్కలు ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉన్నాయా? హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, వేగంగా నడిచే స్టోరేజ్ డ్రైవ్) వేసేయండి. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు సెకనుకు వంద ఎంబీ చదవడమే గొప్ప, మామూలు సాటా రకం (హార్డ్ డిస్కు ప్లగ్గులోనే పట్టేది) ఎస్ఎస్‌డీ 500 దాటుతుంది, చిన్న చిన్న ఫైళ్ల దగ్గరైతే అసలు పోలికే లేదు. తేల్చుకోవాల్సిందల్లా పాత డిస్కును ఉన్నదున్నట్టు క్లోన్ చేయాలా, విండోస్ మళ్లీ మొదట్నుంచి వేసుకోవాలా అన్నదే.

మా బావగారి డీటీపీ షాపు సిస్టమ్‌కి నేను క్లోనింగే చేశా. అందులో అను ఫాంట్స్ అనే తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, పాత ఫోటోషాప్ ఉన్నాయి, వాటి సీడీలు ఎక్కడున్నాయో ఆయనకే తెలీదు, మళ్లీ అన్నీ వేయాలంటే పెళ్లిళ్ల సీజన్‌లో షాపు మూసుకోవాల్సిందే. తీరా యూఎస్‌బీ కేబుల్‌తో కొత్త డ్రైవ్ తగిలించి క్లోనెజిల్లా (క్లోనింగ్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) మొదలుపెడితే, సైజు చాలదంటూ ఆగిపోయింది. పాతది 500 జీబీ, మేం కొన్నది 480. అందులో నిండింది సగం కూడా లేదు, అయినా అది చూసేది మొత్తం డిస్కు సైజు! డీ డ్రైవ్‌ను 40 జీబీ కుదించి, ఎక్స్‌పర్ట్ మోడ్‌లో సైజు చెక్ తీసేశాక గానీ కదల్లేదు. అయ్యాక పాత డిస్కు ఊడదీసే మొదటిసారి ఆన్ చేయండి, లేకపోతే రెండిటికీ ఒకే గుర్తింపు ఉండి విండోస్ తికమకపడుతుంది. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉంటే క్లోన్ చేసే ముందే ఆపేయాలి.

క్లోనింగ్‌తో చిక్కేంటంటే చెత్త కూడా వెంటే వస్తుంది, వైరస్‌తో సహా. ముందు డిస్కు ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాం పెట్టి చూడండి, పసుపు రంగులో హెచ్చరిక కనిపిస్తే క్లోనింగ్ జోలికే పోవద్దు, మధ్యలో చదవలేక ఆగిపోవచ్చు. ఫోటోలు, డాక్యుమెంట్లు ముందు బయటికి లాగేయండి.

ఇంట్లో వాడుకునే ల్యాప్‌టాప్ అయితే మాత్రం నా ఓటు ఫ్రెష్ ఇన్‌స్టాల్‌కే. విండోస్ వేయడానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, ఇదివరకే యాక్టివేట్ అయిన సిస్టమ్ అయితే లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి అదే ఎడిషన్ (హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో) వేస్తే కీ గురించి టెన్షన్ అక్కర్లేదు. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, క్లోన్ చేస్తే మళ్లీ ఆ పదే వస్తుంది. ఇంటెల్ ఎనిమిదో తరం, ఆ తర్వాతి ప్రాసెసర్ ఉంటే ఎలాగూ మారుస్తున్నారు కదా, ఈ చేత్తోనే 11 వేసేయండి. విండోస్ ఎక్కడానికి అరగంట, డ్రైవర్లకీ అప్‌డేట్లకీ ఓ సాయంత్రం. బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు, డెస్క్‌టాప్ మీద ఫోల్డర్లు ముందే దాచుకోవడం మర్చిపోతారు (అందరూ మర్చిపోతారు).

అందుకే ఏ పద్ధతైనా పాత డిస్కును నెల రోజులు ఫార్మాట్ చేయకండి. బావగారు దాన్ని బీరువాలో శాంపిల్ కార్డుల పక్కన పెట్టి, పైన ‘ముట్టుకోవద్దు’ అని అను ఫాంట్‌లోనే ప్రింట్ తీసి అంటించారు.