ఆర్‌వో నీళ్లకు జీహెచ్ ప్లస్ పొడి: పనితనం బాగుంది, బాధంతా మూతతోనే

జీహెచ్ అంటే నీళ్లలో ఉన్న క్యాల్షియం, మెగ్నీషియంల లెక్క, దాన్ని పెంచేదే ఈ పొడి. తొట్టిలో పెంచే చెర్రీ రొయ్యలకు ఇది మంచిదా అని ఎవరడిగినా మంచిదే అంటాను. దాన్ని పోసి అమ్మే డబ్బా మూత మీద మాత్రం నాకు కోపం ఇంకా తగ్గలేదు.

ఆర్‌వో ఫిల్టర్ ఉప్పుతో పాటు క్యాల్షియం, మెగ్నీషియం కూడా తీసేస్తుంది. రొయ్యలకు కొత్త పెంకు కట్టుకోవడానికి అవి కావాలి, అందుకే మళ్లీ కలపాలి. మాది ఒంగోలు. బోరు నీళ్లు ఉప్పు, సాగర్ నీళ్లు అనుకున్న రోజుకు రావు. అందుకే ఆర్‌వో తప్పలేదు.

కొత్త డబ్బా తీసినప్పుడు నాకు భలే నచ్చింది. పది లీటర్లకు అంచుకు సమంగా గీసిన స్పూను ఒకటి వేస్తే మీటరులో 15 ఉన్న టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 160కి వచ్చేది, జీహెచ్ 6 చూపించేది. తిప్పుతుండగానే కరిగిపోయి నీళ్లు తేటగా ఉండేవి. రొయ్యలు విడిచిన కుబుసాలు నాచు మీద కనపడసాగాయి. మీసాలూ కాళ్లూ ఎక్కడా తెగకుండా, కింది నాచు ఆకులు కనిపించేంత పల్చగా. కళ్లకు ఎంత ఆనందమో! స్పూను లెక్క చాలు, మీటరు అక్కర్లేదని అప్పట్లో తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట డబ్బా కొత్తగా ఉన్నన్నాళ్లే నిలిచింది.

కార్తీకంలో వానలు పట్టుకున్నాక మూత ఎంత బిగించినా పొడి చెమర్చింది. ముందు గడ్డలు కట్టింది, తర్వాత పైభాగం బెల్లం పాకంలా సాగింది. లేబుల్ మీద క్యాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ అని ఉంది. ఓడ కంటెయినర్లలో తేమ లాగడానికి వేలాడదీసే సంచుల్లో ఉండేది కూడా క్యాల్షియం క్లోరైడే. అలాంటి సరుకుకి లోపల రబ్బరు వాషరు కూడా లేని మూత పెట్టి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అమ్ముతున్నారు! అదే స్పూనుకి టీడీఎస్ 95 దాటలేదు. స్పూనులో సగం నీళ్లే మరి. ఆ వారమే ఒక ఆడ రొయ్యకు తలడిప్పకీ ఒంటికీ మధ్య చుట్టూ తెల్లటి రింగు కనిపించింది. కుబుసం సరిగ్గా విడవలేక పోయింది పాపం, దక్కలేదు.

కొత్తపట్నం దగ్గర వనామీ చెరువులున్న మా బావ చూసి, "ఏంది బామ్మర్దీ, అమావాస్యకి మేం చెరువులో చల్లే మినరల్ రెండు కిలోలు ఇస్తా, తీసుకుపో" అన్నాడు. ఆయన చెరువుకు అది సరే. ఎకరాకు కిలోల లెక్కన, ఉప్పునీళ్లకని కలిపిన మందును నలభై లీటర్ల తొట్టికి ఎలా కొలుస్తాం?

చివరికి పనికొచ్చింది ఇదీ. పొడి తేమ లాగిందే గానీ, అందులోని క్యాల్షియం ఎక్కడికీ పోలేదు. డబ్బాలో మిగిలిందంతా గడ్డలతో సహా లీటరు ఆర్‌వో నీళ్లలో కరిగించి సీసాకి ఎత్తాను. ఇప్పుడు సిరంజితో కొంచెం కొంచెం పోస్తూ మీటరు 160 దగ్గరికి రాగానే ఆపేస్తా. పొడి రోజులకన్నా ఇదే నికరంగా ఉంది. కేహెచ్ (నీళ్లలోని కార్బొనేట్ల లెక్క) కూడా పెంచే రకంతో మాత్రం ఇలా చేయకండి, క్యాల్షియం సున్నంలా అడుగుకు దిగిపోతుంది. నాది జీహెచ్ ఒక్కటే పెంచే రకం కాబట్టి, కేహెచ్ కోసం ఫిల్టర్‌లో చిన్న సంచీడు క్రష్డ్ కోరల్ (పగడపు రాయి ముక్కలు) వేసుకున్నా.

ఇంకొకటి. మీటరుకి ఉప్పూ క్యాల్షియమూ ఒకటే. ఆర్‌వోలో నీళ్లు వడగట్టే మెంబ్రేన్ పాతబడి, ఏమీ కలపని నీళ్లే 60 చూపిస్తుంటే 160 అంకెను నమ్మొద్దు, జీహెచ్ టెస్ట్ చుక్కలతో చూసుకోండి.

గప్పీ, మోలీ చేపలు పెంచేవాళ్లకు ఈ ఖర్చు అవసరం లేకపోవచ్చు, వాటికి మినరల్స్ ఎక్కువున్న గట్టి నీళ్లే ఇష్టం. తొట్టి ఏసీ గదిలో ఉంటే డబ్బా చెమర్చకపోనూవచ్చు. నేనైతే మళ్లీ ఇదే కొంటాను, కాకపోతే చిన్న ప్యాకెట్. ఇంటికి తెచ్చిన రోజే కరిగించి సీసాకి ఎత్తేస్తా.