కొత్త క్లచ్ వేశాక గేరు గరగరమంటోందా? ‘తిరిగితే సర్దుకుంటుంది’ అంటే నమ్మకండి

కారుకు క్లచ్ మార్పించబోతున్నవారూ, ఇప్పటికే మార్పించి గేరుతో కుస్తీ పడుతున్నవారూ దయచేసి ఇది చదవండి. పని చేసిన షెడ్డు పేరు రాయడం లేదు. ఇది ఆ ఒక్క షెడ్డు సంగతి కాదు. వాళ్లు నాతో అన్న మాటే, అంతే ధీమాగా, చాలామంది కారు యజమానులకు వినిపిస్తోంది.

నా కారు పాత క్లచ్ అరిగిపోయింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ రొద పెరిగేది గానీ వేగం పెరిగేది కాదు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఉన్న కొత్త సెట్టు వేశారు. బండి చేతికి ఇచ్చిన రోజే రివర్స్ వేయబోతే ఇనుము ఇనుముకు రాసుకుంటున్న చప్పుడు. మొదటి గేరు గట్టిగా తోస్తే తప్ప పడేది కాదు. గేరులో ఉంచి పెడల్ నేలకు తొక్కిపట్టినా బండి మెల్లగా ముందుకు పాకేది. అడిగితే, “కొత్త క్లచ్ కదండీ, కొన్నాళ్లు తిరిగితే అదే సర్దుకుంటుంది” అన్నారు. సర్దుకోలేదు. మళ్లీ వెళితే తీర్పు మారింది: “గేర్‌బాక్స్ పోయిందండీ, విప్పాలి.” అరిగిన క్లచ్‌తో కూడా ఒక్క వేలితో పడిన గేర్లు, కొత్త క్లచ్ వేసిన రోజునే ఎలా పాడయ్యాయని అడిగితే మాత్రం జవాబు లేదు.

ఈ రెండు మాటల మధ్య ఉన్న సంబంధం అర్థమైతే మీ డబ్బు, మీ గేర్‌బాక్స్ రెండూ మిగులుతాయి. క్లచ్ చేయాల్సిన పనులు రెండే: పట్టుకోవడం, వదలడం. పట్టుకోవడం కొత్తలో కాస్త తేడాగా ఉండవచ్చు. కొత్త ప్లేటు లైనింగు (రాపిడి పొర), ఫ్లైవీల్ (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం) ముఖం ఒకదానికొకటి ఒరుసుకుని పూర్తిగా ఆనడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. వదలడానికి అలాంటి గడువేమీ లేదు. పెడల్ తొక్కగానే రిలీజ్ బేరింగ్ వెళ్లి ప్రెషర్ ప్లేటు స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది, ప్రెషర్ ప్లేటు వెనక్కి జరుగుతుంది, దానికీ ఫ్లైవీల్‌కూ మధ్యలో ఉన్న క్లచ్ ప్లేటుకు రెండు వైపులా సన్నటి ఖాళీ వస్తుంది. ఆ ఖాళీ రాకపోతే, పెడల్ తొక్కి ఉన్నా ఇంజిన్ తిరుగుడును గేర్‌బాక్స్‌లోకి తీసుకెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంజిన్‌తో పాటు తిరుగుతూనే ఉంటుంది.

అప్పుడు దెబ్బ పడేది సింక్రోనైజర్ రింగుల మీద. చాలా గేర్‌బాక్సుల్లో ఇవి ఇత్తడివి. గేరు పడేముందు షాఫ్ట్ వేగాన్ని, ఆ గేరు వేగాన్ని రాపిడితో సమానం చేయడం వీటి పని. ఇంజిన్ నుంచి విడిపోయిన షాఫ్ట్‌నీ దానిమీది తేలికపాటి ప్లేటునూ నిలువరించగలిగే బలమే వీటికి ఉంటుంది. ఇంజిన్ ఇంకా తోస్తూనే ఉంటే గేరు మార్చిన ప్రతిసారీ ఈ రింగులు అరుగుతాయి. అంటే ‘తిరిగితే సర్దుకుంటుంది’ అని పంపేసిన ఆ రోజుల్లోనే గేర్‌బాక్స్ పాడవడం మొదలవుతుంది. మొదట చెప్పింది అబద్ధమే అయినా, దాన్ని నమ్మి తిరిగితే తర్వాత చెప్పింది నిజమైపోతుంది. ఖర్చు మాత్రం మీది.

షెడ్డుకు వెళ్లేముందు ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. చదునైన చోట బండి నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. ముందూ వెనకా మనుషులు లేకుండా చూసుకుని, బ్రేకు మీద కాలు ఉంచండి. ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి, అన్ని గేర్లూ ఒక్కొక్కటిగా వేసి చూడండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి అదే పని మళ్లీ చేయండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు హాయిగా పడిన గేర్లు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు మొరాయిస్తే క్లచ్ వదలడం లేదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఇంజిన్ ఆగి ఉన్నా గట్టిగానే ఉంటే దారి వేరు, దాని గురించి తర్వాత రాస్తాను.

రివర్స్‌తో ఇంకో పరీక్ష ఉంది. చాలా గేర్‌బాక్సుల్లో రివర్స్‌కు సింక్రోనైజర్ ఉండదు, అందుకే జబ్బు మొదట అక్కడే బయటపడుతుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా పెడల్ పూర్తిగా తొక్కి, కొన్ని క్షణాలు ఆగి అప్పుడు రివర్స్ వేయండి. క్లచ్ సరిగ్గా వదులుతుంటే ఈలోపు షాఫ్ట్ ఆగిపోయి గేరు చప్పుడు లేకుండా పడాలి. ఆగకుండా వెంటనే వేస్తే చిన్న గరగర మంచి బండిలోనూ వస్తుంది, దానికి కంగారు పడనక్కరలేదు. ఆగి వేసినా గరగరమంటే మాత్రం ప్లేటు ఇంకా తిరుగుతున్నట్టే.

హైడ్రాలిక్ క్లచ్ (కేబుల్‌తో కాకుండా ద్రవం ఒత్తిడితో పనిచేసేది) అయితే పెడలే చాలా చెబుతుంది. రెండు మూడు సార్లు వరసగా తొక్కి వదిలాక గేరు సులువుగా పడితే లైన్‌లో గాలి ఉందని మొదటి అనుమానం. పెడల్‌ను తొక్కిపట్టి ఉంచితే మెల్లగా కిందికి దిగిపోతూ, బండి పాకడం మొదలుపెడితే పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీలు చూడాలి. బయట చుక్క కారకపోయినా లోపల ద్రవం వెనక్కి జారిపోతూ ఉండవచ్చు. పోయాల్సిన ద్రవం ఏమిటో బండిలో ఆ ద్రవం నింపే డబ్బా మూత మీదే ఉంటుంది. ఎక్కువ బండ్లకు డాట్ 3 లేదా డాట్ 4 బ్రేక్ ద్రవం. అందుబాటులో ఉంది కదా అని వేరే నూనె పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడవుతుంది.

నా విషయంలో, తర్వాత నేను వెళ్లిన రెండో మెకానిక్ ఇవన్నీ చేసి చూశాకే స్పానర్ పట్టుకున్నాడు. ముందు లైన్‌లో గాలి తీశాడు. బుడగలతో నల్లటి ద్రవం వచ్చింది, పెడల్ గట్టిపడింది, మొదటి గేరు కొంత తేలికైంది. రివర్స్ మాత్రం అలాగే ఉంది. గేర్‌బాక్స్ దగ్గర క్లచ్ ఫోర్కును తోసే స్లేవ్ సిలిండర్ కడ్డీ ఎంత జరుగుతోందో కొలిచి, మాన్యువల్‌లో ఉన్న కొలతతో సరిచూశాడు. సరిపోయింది. అంటే పెడల్ నుంచి, రిలీజ్ బేరింగ్‌ను జరిపే ఫోర్కు దాకా లోపం లేదు, ఉన్నది లోపలే. నన్ను దగ్గర నిలబెట్టుకుని గేర్‌బాక్స్ దించాడు.

క్లచ్ ప్లేటును ఇన్‌పుట్ షాఫ్ట్ మీదికి ఎక్కించి, అంచుకు దాదాపు తగిలేలా ఒక తీగ ముక్క నిలబెట్టి, ప్లేటును చేత్తో తిప్పాడు. ఒక వైపు అంచు తీగను రాసుకుంది, సగం చుట్టు తిరిగేసరికి గోరు దూరేంత సందు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. వంకరపోయిన సైకిల్ చక్రం ఎలా తిరుగుతుందో అలా. తయారీదారుల మాన్యువళ్లలో ఈ వంకరకు ఇచ్చే హద్దు మామూలుగా ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది. ఇంత వంకర ఉంటే ప్రెషర్ ప్లేటు ఎంత వెనక్కి జరిగినా ఏదో ఒక మూల ప్లేటు తగులుతూనే ఉంటుంది. ఇది కొత్త ప్లేటుకు ఎలా వచ్చిందో కూడా చెప్పాడు. గేర్‌బాక్స్‌ను ఎత్తి, షాఫ్ట్‌ను ప్లేటు మధ్య స్ప్లైన్లలోకి (పళ్ల గాడుల్లోకి) దూర్చి, బోల్టులు బిగించకముందే చేతులు వదిలేస్తే గేర్‌బాక్స్ బరువంతా ఆ సన్నటి ప్లేటు మీద వేలాడుతుంది. సరైన జాకీ లేకుండా చేసే చోట ఇది మామూలే. దానికి తోడు స్ప్లైన్లకు గ్రీజు దట్టంగా పూశారు. అది తిరుగుడుకు చిమ్మి లైనింగు మీద మధ్య నుంచి అంచు దాకా చారలు కట్టింది. స్ప్లైన్లకు పల్చటి పొర చాలు, మిగిలింది తుడిచేయాలి.

ఇదే లక్షణాలకు వేరే కారణాలూ ఉంటాయి. ప్లేటును తిరగేసి బిగించడం అందులో ఒకటి. ఏ ముఖం ఫ్లైవీల్ వైపు ఉండాలో చాలా ప్లేట్ల మీద ముద్రించి ఉంటుంది, అయినా జరుగుతుంది. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించకుండా ఒక్కోటి పూర్తిగా బిగిస్తూ పోతే కవరు వంగుతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను మోసే పైలట్ బేరింగ్ బిగుసుకుపోతే క్లచ్ వదిలినా షాఫ్ట్ ఆగదు. ఫోర్కు తాను ఆనే గుండు మీద నుంచి పక్కకు జారి ఉండవచ్చు. కేబుల్ క్లచ్ అయితే సర్దుబాటే చాలవచ్చు: కేబుల్ వదులైతే క్లచ్ వదలదు, మరీ బిగువైతే క్లచ్ జారుతుంది. గేర్‌బాక్స్ జోలికి వెళ్లకముందు చూడాల్సింది అదే.

ఇక ఇంజిన్ ఆగి ఉన్నా గేర్లు గట్టిగా ఉన్న సందర్భం. గేర్‌బాక్స్ దించాలంటే గేరు కేబుళ్లో, లింకేజీయో విప్పాలి. తిరిగి తగిలించేటప్పుడు సర్దుబాటు తప్పితే కొన్ని గేర్లు సగమే పడతాయి, కొన్ని అసలు దొరకవు. ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంటింగులు సరిగ్గా కూర్చోకపోయినా అంతే. గేర్ ఆయిల్ మరిచిపోవడం ఇంకా ప్రమాదం. ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలో చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టులు లాగినప్పుడు ఆయిల్ కారిపోతుంది. బిల్లులో గేర్ ఆయిల్ లేకపోతే పోశారా, ఎంత పోశారు, ఏ గ్రేడు పోశారు అని అడగండి. జీఎల్-4 అడిగిన గేర్‌బాక్స్‌లో జీఎల్-5 పోస్తే ‘ఇంకా మంచిది’ అని కొందరు చెబుతారు. అది నమ్మవద్దు. ఇత్తడి రింగులున్న గేర్‌బాక్సులకు అది సరిపడకపోవచ్చు. మాన్యువల్ ఏది చెబితే అదే.

ఓపిక పట్టదగ్గవి కొన్ని ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. బండి కదిలేటప్పుడు మొదట్లో చిన్న వణుకు, కొంచెం వాసన, పెడల్ పట్టే చోటు పాతదానికంటే వేరుగా ఉండటం, వీటికి సమయం ఇవ్వవచ్చు. ఆ కొన్ని వందల కిలోమీటర్లు బరువు లాగకుండా, క్లచ్ మీద కాలు ఆనించకుండా నడపండి. ఒకవేళ పెద్ద గేరులో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ వేగం ఎగిరి బండి వేగం వెనకబడితే అది జారడమే, సర్దుకుంటుందని ఎదురుచూడవద్దు. ఇంజిన్ వెనక సీలు నుంచో గేర్‌బాక్స్ సీలు నుంచో ఆయిల్ ప్లేటు మీదికి వస్తోందేమో చూడాలి. ఆ సీళ్లను గేర్‌బాక్స్ దించి ఉన్నప్పుడే పరీక్షించి ఉండాల్సింది.

సెట్టు కొనేటప్పుడు మోడల్ పేరు చెప్పి ఊరుకోకండి. ఒకే మోడల్‌లో ఇంజిన్‌ను బట్టి, సంవత్సరాన్ని బట్టి ప్లేటు వ్యాసం మారుతుంది. ఛాసిస్ నంబరుతో భాగం నంబరు ఖాయం చేసుకోండి. పాత ప్లేటు, కొత్త ప్లేటు పక్కపక్కన పెట్టి వ్యాసం, స్ప్లైన్ల సంఖ్య, మధ్య దిమ్మె ఎత్తు చూడండి. బిగించకముందే కొత్త ప్లేటును షాఫ్ట్ మీద చేత్తో జరిపి చూడమనండి, పట్టు లేకుండా జారాలి. స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపల, షాఫ్ట్ చుట్టూ ఉండే రకమైతే అది చాలా సెట్లలో కలిసి రాదు. విడిగా కొని ఇప్పుడే మార్పించండి. అది తర్వాత పోతే గేర్‌బాక్స్ మళ్లీ దించాల్సిందే, కూలి మళ్లీ మొత్తం ఇవ్వాల్సిందే. గేర్‌బాక్స్ బిగించకముందు ఎవరైనా పెడల్ తొక్కితే ఈ రకం సిలిండర్ పిస్టన్ హద్దు దాటి బయటికి వచ్చేస్తుంది. ఫ్లైవీల్‌ను చూశారా, సాపు చేయించారా అన్నది బిల్లు మీద రాయించుకోండి. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (రెండు చక్రాలను స్ప్రింగులతో కలిపినది) అయితే మామూలుదానిలా సాపు చేసేయడం కుదరదు, మాన్యువల్ ప్రకారం ఆట (వదులు) కొలిచి మంచిదో కాదో తేల్చాలి. పాత భాగాలు తప్పకుండా వెనక్కి తీసుకోండి.

వంకరపోయిన ప్లేటును మొదటి షెడ్డుకు తీసుకెళితే వారన్న మాట: “దించినవాళ్లే వంచి ఉంటారు.” రెండో మెకానిక్ ఇలాంటివి చాలా చూసినట్టున్నాడు, గేర్‌బాక్స్ మొదటి బోల్టు విప్పకముందే ఫోన్‌లో వీడియో తీయించాడు. వదులు చేయకముందు మీటరు, ఛాసిస్ నంబరు, తర్వాత ప్లేటు తీగను రాసుకుంటున్న దృశ్యం అన్నీ ఒకే ముక్కలో ఉన్నాయి. అది చూపించాక భాగాల సొమ్ము ఇస్తామన్నారు, కూలి మాత్రం ఇవ్వలేమంటున్నారు. కూలి విషయం ఇంకా తేలలేదు. మీరు వేరే చోట విప్పించే పరిస్థితి వస్తే, ముందుగా మొదటి షెడ్డుకు రాతపూర్వకంగా తెలియజేయండి, వచ్చి చూసుకోమనండి. రాకపోతే ఆ సందేశం కూడా వీడియోతో పాటు దాచుకోండి.