ఫిలడెల్ఫియాలో ఆగడమా, కెనడా దాకా వెళ్లడమా?
1850 తర్వాత, అమెరికాలో బానిసత్వం అమల్లో ఉన్న మేరీలాండ్ నుంచి తప్పించుకున్న బానిసల ముందు రెండు దారులుండేవి. బానిసత్వం లేని పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియాలో పనీ దొరికేది, అక్కున చేర్చుకునే నల్లజాతి సమాజమూ ఉండేది. వచ్చినవారి వివరాలను, వారికి సాయపడే నల్లజాతి ఉద్యమకారుడు విలియం స్టిల్ ఓపికగా రాసి భద్రపరిచేవారు. తనవాళ్లను వెతుక్కుంటూ వచ్చిన పీటర్ అనే వ్యక్తిని వివరాలు అడుగుతుండగా, అతడు తన సొంత అన్నేనని ఆయనకు తెలిసింది. అయితే 1850లో వచ్చిన, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టం ప్రకారం పట్టుబడినవారికి సాక్ష్యం చెప్పుకునే హక్కే లేదు. యజమానికి అప్పగిస్తే, కేసు తేల్చే కమిషనరుకు 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లే ముట్టేవి. ఇంతకన్నా సిగ్గుమాలిన ఏర్పాటు ఉంటుందా? ఆశ్రయమిచ్చినవారికి 1,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

కెనడాలోని సెయింట్ కాథరిన్స్‌లో ఎముకలు కొరికే చలి, వివక్ష తప్పకపోయినా, 1834 నుంచి అక్కడ బానిసత్వం చెల్లదు. తానూ మేరీలాండ్ బానిసత్వం నుంచి తప్పించుకుని, ఎందరినో విడిపించిన హారియెట్ టబ్‌మన్ 1857లో వృద్ధులైన తల్లిదండ్రులను సైతం అక్కడికే చేర్చారు. ఆమె నిర్ణయమే సరైనదని నా అభిప్రాయం.