కొండతేనె, సీసాతేనె, అనకాపల్లి బెల్లం: ఏది మేలు?

విశాఖపట్నంలో తేనె కొనదలచినవారికి దారులు చాలానే ఉన్నాయి. అరకు నుంచి దిగే ఘాట్ రోడ్డు పక్కన పాత నీళ్ల సీసాల్లో పోసి అమ్మే కొండతేనె ఒకటి. గిరిజన సహకార సంస్థ, అంటే మనవాళ్లందరూ జీసీసీ అనే సంస్థ, తన దుకాణాల్లో అమ్మే తేనె మరొకటి. సూపర్ మార్కెట్లలో పెద్ద కంపెనీల సీసాలు సరేసరి. ఈమధ్య పెట్టెల్లో తేనెటీగలను పెంచేవారు నేరుగా అమ్ముతున్న తేనె కూడా వాటికి తోడైంది. ఇక తీపి ఒక్కటే కావాలనుకుంటే పొరుగునే అనకాపల్లి బెల్లం ఉండనే ఉంది. వీటిలో ఏది మేలన్న ప్రశ్నకు ఒక్క మాటలో తీర్పు చెప్పడం కుదరదు. తేనెను ఆహారంగా చూసినప్పుడు వచ్చే సమాధానం వేరు, మందుగా చూసినప్పుడు వచ్చే సమాధానం వేరు. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లనే తేనె గురించిన అతిశయోక్తులన్నీ పుట్టుకొచ్చాయి.

ఆహారంగా చూస్తే

నూరు గ్రాముల తేనెలో ఇంచుమించు 17 గ్రాములు నీరు, 82 గ్రాములు చక్కెరలు. ఆ చక్కెరల్లో ఫ్రక్టోజ్ దాదాపు 38 గ్రాములు, గ్లూకోజ్ 31 గ్రాములు ఉంటాయి. తక్కినది మాల్టోజ్ వంటి ఇతర చక్కెరలు. శక్తి 304 కిలోకేలరీలు. అదే తూకం పంచదారలో 390 కిలోకేలరీల వరకు ఉంటుంది కనుక తేనె తేలికైనదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ తేడా అంతా తేనెలో ఉన్న నీటిదే. పైగా ఇంట్లో ఎవరూ గ్రాముల్లో తూచరు, చెంచాతో కొలుస్తారు. పెద్ద చెంచాడు తేనె 21 గ్రాములు తూగి 64 కిలోకేలరీలు ఇస్తే, అదే చెంచాడు పంచదార 12, 13 గ్రాములే తూగి 50 కిలోకేలరీల లోపే ఇస్తుంది. పంచదార మానేసి చెంచాకు చెంచా తేనె కలుపుకొంటున్నవారు తమకు తెలియకుండానే ఎక్కువ తింటున్నారన్నమాట.

ఖనిజాలు, విటమిన్ల సంగతికి వస్తే తేనె పక్షాన గట్టిగా వాదించడానికి ఏమీ లేదు. నూరు గ్రాములకు ఇనుము 0.4 మిల్లీగ్రాములు, కాల్షియం 6, పొటాషియం 52, విటమిన్ సి అర మిల్లీగ్రాము మాత్రమే ఉంటాయి. మన దేశంలో వయోజన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సిఫారసు చేసింది. చెంచాడు తేనె అందులో నూరో వంతును కూడా ఇవ్వదు. రక్తహీనత ఉన్నవారికి తేనె పట్టమని చెప్పే సలహాకు ఈ లెక్క ముందు నిలబడే బలం లేదు.

ఇక్కడ అనకాపల్లి బెల్లానిదే పైచేయి. బెల్లంలో నూరు గ్రాములకు ఇనుము రెండు నుంచి అయిదు మిల్లీగ్రాముల దాకా, కాల్షియం ఎనభై నుంచి నూరు మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. అయితే అది కూడా చక్కెరే, అందులోనూ అధికభాగం సుక్రోజే. నాలుగు మిల్లీగ్రాముల ఇనుము కోసం నూరు గ్రాముల బెల్లం తినడం ఎవరికీ క్షేమం కాదు. ఆ ఇనుము చోడి (రాగి) అంబలిలోనో తోటకూర పప్పులోనో మరింత చౌకగా దొరుకుతుంది. బెల్లం కొనేటప్పుడు రంగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. బంగారు రంగులో మెరిసే దిమ్మ చూడముచ్చటగానే ఉంటుంది గాని, ఆ రంగు చాలాసార్లు బెల్లం వండేటప్పుడు కలిపే హైడ్రోస్ అనే రసాయనం వల్ల వచ్చినదే. ముదురు గోధుమ రంగులో, కాస్త మెత్తగా ఉన్న బెల్లమే నాకు నమ్మకం కలిగిస్తుంది.

తేనెలో పంచదారకు లేనివి కొన్ని ఉన్నాయి: తేనెటీగ తన నోటి స్రావాలతో కలిపే ఎంజైములు, పూల నుంచి వచ్చే ఫ్లేవనాయిడ్లు, ఫినాలిక్ ఆమ్లాలు. ముదురు రంగు తేనెలో ఈ ప్రతిక్షయకారులు (యాంటీఆక్సిడెంట్లు) సాధారణంగా ఎక్కువ. కానీ రోజూ తినే చెంచాడులో వాటి పాలు చాలా స్వల్పం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెను కూడా తగ్గించుకోవలసిన చక్కెరల కిందనే లెక్కించింది; మొత్తం ఆహారశక్తిలో ఈ చక్కెరల వాటా పది శాతం మించకూడదని, అయిదు శాతం లోపే ఉంటే మరింత మేలని చెప్పింది. మధుమేహం ఉన్నవారు తేనెను పంచదారకు బదులుగా నిర్భయంగా వాడవచ్చన్న ప్రచారాన్ని కూడా నమ్మకూడదు. రక్తంలో చక్కెరను పెంచే వేగం తేనె రకాన్ని బట్టి మారుతుంది, సగటున అది పంచదార కన్నా కొద్దిగానే తక్కువ. బీచ్ రోడ్డులో నడక ముగించుకొని ఇంటికి వచ్చి గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, తేనె కలిపి తాగేవారికి అందులోని విటమిన్ సి నిమ్మకాయ ఇచ్చినదే. బరువు తగ్గడమంటూ జరిగితే ఆ ఘనత నడకది.

మందుగా చూస్తే

మందుగా చూసినప్పుడు మాత్రం బెల్లం, పంచదార వెనకబడతాయి. చరకుడు తేనెను నాలుగు రకాలుగా, సుశ్రుతుడు ఎనిమిది రకాలుగా విభజించారు. తేనెకు ఆయుర్వేదం ఇచ్చిన ముఖ్యమైన గుణం యోగవాహి అన్నది, అంటే తాను కలిసిన మందు గుణాన్ని మోసుకెళ్లేది అని. అందుకే శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిపిన త్రికటు చూర్ణానికైనా, సితోపలాది చూర్ణానికైనా తేనె అనుపానమైంది, అంటే మందుతో కలిపి పుచ్చుకునేదైంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లల దగ్గుకు మిరియాల పొడి తేనెలో రంగరించి నాలుకకు రాయడం ఈ సంప్రదాయం నుంచి వచ్చినదే. కొత్త తేనె ఒంటికి పుష్టినిస్తుందని, పాత తేనె కొవ్వును తగ్గిస్తుందని కూడా ఆయుర్వేద గ్రంథాలు చెబుతాయి. ఈ రెండో మాటను పట్టుకొనే నేటి బరువు తగ్గించే చిట్కాలన్నీ బయలుదేరాయి గాని, అక్కడ చెప్పినది ఏడాది నిలవ ఉంచిన తేనె గురించి, నిన్న కొన్న సీసా గురించి కాదు.

ఈ వాడకాల్లో ఆధునిక పరీక్షలకు బాగా నిలిచినది దగ్గు మందుగా తేనె. జలుబుతో వచ్చే పిల్లల దగ్గుపై జరిగిన పరీక్షల్లో, రాత్రి పడుకునే ముందు ఇచ్చిన తేనె ఏమీ ఇవ్వకపోవడం కన్నా మెరుగైన ఉపశమనం ఇచ్చింది. బజారులో దొరికే దగ్గు సిరప్పులోని డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌కు దీటుగా నిలిచింది. ఇంగ్లండులో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2018లో, మామూలు దగ్గుకు యాంటీబయాటిక్ కన్నా ముందు తేనె వంటి ఇంటి వైద్యం చేసి చూడమని సూచించింది. గొంతు పొర మీద పూతలా నిలవడం, తీపి వల్ల లాలాజలం ఊరడం ఇందుకు కారణాలై ఉంటాయని వివరిస్తారు. ఇందులో ఎంత శాతం మిరియాలది, ఎంత శాతం తేనెది అని మన అమ్మమ్మలు ఎప్పుడూ విడదీసి చూడలేదు, ఆ అవసరమూ వారికి రాలేదు.

గాయాల సంగతి కొంత లోతుగా చెప్పుకోవాలి. తేనె గాఢమైన చక్కెర ద్రావణం కనుక సూక్ష్మజీవుల్లోని నీటిని లాగేస్తుంది. దాని ఆమ్లత్వం పీహెచ్ 4 దగ్గర ఉంటుంది కనుక అవి పెరగలేవు. అన్నిటికన్నా ముఖ్యంగా, తేనెటీగ కలిపిన గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, తేనె గాయంలోని చెమ్మతో పలచబడినప్పుడు, కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారు చేస్తుంది. న్యూజిలాండ్ మనూకా తేనెలో దీనికి అదనంగా మిథైల్‌గ్లయాక్సాల్ అనే పదార్థం ఉంది. ఆస్పత్రుల్లో వాడేది గామా కిరణాలతో శుద్ధి చేసిన వైద్యశ్రేణి తేనె. అటువంటి తేనెతో చేసిన గాయపు పట్టీలకు అమెరికాలో 2007లో అనుమతి లభించింది. వంటింటి సీసాకు ఆ శుద్ధి ఉండదు. చిన్నపాటి కాలిన చర్మం మీద చల్లని నీళ్లు పోసిన తర్వాత తేనె రాయడం వరకు సంప్రదాయాన్ని తప్పుపట్టలేము గాని, లోతైన గాయాన్ని, ముఖ్యంగా మధుమేహుల కాలి పుండును, కొండతేనెతో నయం చేసుకోబోవడం ప్రమాదకరం.

సంప్రదాయం చెప్పిన ఒక పనిని మాత్రం పూర్తిగా మానుకోవాలి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం, వసకొమ్మును తేనెతో అరగదీసి నాకించడం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. తేనెలో క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండే అవకాశం ఉంది. పెద్దల పేగుల్లో అవి మొలకెత్తలేవు. ఏడాది నిండని పసివారి పేగుల్లో మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే విషాన్ని విడుదల చేయగలవు. వంటింటి వేడికి ఈ బీజాలు చావవు, కనుక మరిగించిన తేనె కూడా క్షేమం కాదు. అడవి తేనె, సీసా తేనె, పెట్టె తేనె అన్న తేడా ఇక్కడ వర్తించదు. బిడ్డకు ఏడాది నిండేదాకా ఏ తేనె అయినా దూరంగానే ఉంచాలి.

వేడి చేసిన తేనె విషమని చరకుడు చెప్పిన మాటను, వేడి వల్ల తేనెలో హెచ్ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుందన్న నేటి మాటను ముడిపెట్టి భయపెట్టేవారు ఉన్నారు. హెచ్ఎంఎఫ్ పెరగడం వాస్తవమే, కానీ కాఫీలోనూ ఎండు పండ్లలోనూ అది తేనెలో కన్నా ఎక్కువే ఉంటుంది. తేనెను మరిగించకపోవడానికి అసలు కారణం ఎంజైములు, సువాసన పోవడమే. గోరువెచ్చని నీళ్లకు దిగులు పడనవసరం లేదు.

ఏ తేనె?

ఇక తేనెల్లోనే ఏది మేలన్న ప్రశ్న. మన్యంలో దొరికే కొండతేనెలో అధికభాగం పెద్ద తేనెటీగలు ఎత్తయిన చెట్ల కొమ్మలకు, రాతి చరియల కింద పెట్టే తేనెపట్టుల నుంచి వస్తుంది. పొగ పెట్టి ఈగలను తోలి, పట్టు కోసి, చేత్తో పిండితే తేనెతో పాటు పుప్పొడి, మైనపు తునకలు, ఒక్కోసారి పిల్లపురుగుల రసం కూడా సీసాలోకి దిగుతాయి. సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పైన సన్నని నురగ, దాని కింద తేలే గోధుమ రంగు నలకలు కనిపిస్తాయి. ఎన్నో రకాల పూల నుంచి వచ్చింది కనుక దీని రుచి గాఢం, చివర్లో చిన్న వగరు. ఔషధ గుణం దీనికే ఎక్కువన్న నమ్మకంలో కొంత న్యాయం లేకపోలేదు. లోపం తేమ దగ్గర ఉంది. ఈ తేనెలో నీరు తరచుగా 20 శాతం దాటుతుంది, దాటితే పులుస్తుంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ విధించిన పరిమితి కూడా ఆ 20 శాతమే. ఇక రోడ్డు పక్కన సీసా పట్టుకుని నిలుచున్న మనిషి అమ్మేది అచ్చంగా తేనేనా, బెల్లం పాకమా అన్నది కంటితో తేల్చగలిగే విషయం కాదు. పక్కన మైనపు పట్టు ముక్క పెట్టి చూపించినంత మాత్రాన సీసాలోని సరుకు ఆ పట్టులోదని రుజువు కాదు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన కంపెనీ సీసా ఉంది: వడపోసి, వేడి చేసి, తేమ తగ్గించినది, ఎప్పుడు కొన్నా ఒకే రంగు, ఒకే రుచి. శుభ్రతకు లోటు లేదు, అనుమానం మరోచోట ఉంది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెలను పరీక్షింపజేస్తే, వాటిలో చాలావరకు మామూలు పరీక్షల్లో గట్టెక్కి, పదార్థాన్ని అణువుల స్థాయిలో గుర్తించే ఎన్ఎంఆర్ పరీక్షలో మాత్రం తప్పాయి. సాధారణ పరీక్షలకు చిక్కకుండా ప్రత్యేకంగా తయారు చేసిన చక్కెర పాకాలు కలుపుతున్నారని ఆ సంస్థ ఆరోపించింది, కంపెనీలు కాదన్నాయి. ప్రయోగశాలలనే ఏమార్చగల కల్తీని గ్లాసు నీళ్లలో చుక్క వేసి, దూది వత్తి ముంచి వెలిగించి కనిపెట్టగలమనుకోవడం అమాయకత్వం. చిక్కని పాకం కూడా నీటి అడుగుకు దిగుతుంది, తేమ తక్కువ ఉంటే వత్తి కూడా వెలుగుతుంది.

పేరుకున్న తేనెను చక్కెర కలిపినదని పారబోసేవారిని చూస్తే జాలి వేస్తుంది. గ్లూకోజ్ పాలు ఎక్కువైన స్వచ్ఛమైన తేనె చలికాలంలో తప్పక పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసాను కాసేపు ఉంచితే మళ్లీ కరుగుతుంది.

పెట్టె తేనెను యంత్రంతో తిప్పి తీస్తారు కనుక పిల్లపురుగుల రసం కలవదు, పట్టు చెడదు, ఈగలు బతుకుతాయి. పూలు లేని నెలల్లో ఈగలకు పంచదార పాకం పెట్టడం ఈ వృత్తిలో మామూలే. ఆ రోజుల్లో తీసిన తేనెలో ఆ పాకం పాలు ఉంటుంది. కనుక పెంపకందారుణ్ణి అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ తేనె ఏ పూల కాలంలో తీశారన్నదే. శీతాకాలం మొదట్లో అరకు లోయ వలిసె పూలతో పసుపుబారుతుంది. ఆ పంటకు గింజ కట్టాలన్నా తేనెటీగల పరాగసంపర్కం కావాలి. అటువంటి కాలంలో తీసిన తేనె అని సూటిగా చెప్పగలిగినవారి దగ్గర కొనవచ్చు.

నా ఓటు మటుకు జీసీసీ తేనెకే. 1956లో ఏర్పడి విశాఖపట్నమే కేంద్రంగా పనిచేస్తున్న ఈ సంస్థ గిరిజనులు సేకరించిన తేనెను కొని, శుద్ధి చేసి అమ్ముతుంది. కొండతేనె రుచి మొత్తం ఆ సీసాలో మిగలదు, వడపోతలో కొంత పోతుంది. అయినా తేమ అదుపులో ఉంటుంది, సరుకు ఎక్కడిదో తెలుస్తుంది, పట్టు కోసిన మనిషికి డబ్బు చేరుతుంది. దగ్గుకు, అనుపానానికి ఇది చాలు. రుచి కోసం కొండతేనే కావాలనుకునేవారు దారిన పోయే సీసాను కాక, తెలిసినవారి ద్వారా పాడేరు, చింతపల్లి వైపు నుంచి తెప్పించుకోవడం మంచిది. రోజువారీ తీపికి తేనె అక్కరలేదు. పరమాన్నానికీ పొంగలికీ బెల్లమే తగినది, చౌక కూడా.

ఏది కొన్నా, మన ఊరి గాలిలోని చెమ్మను మరచిపోకూడదు. తేనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో మూత వదులైన సీసా వానాకాలం ముగిసేసరికి పైన పలచబడి, నురగ కట్టి, పుల్లని వాసన వేయడం మొదలుపెడుతుంది. తడి చెంచా ముంచడం, మూత తీసి వదిలేయడం ఇందుకు తొందర పెడతాయి. ఫ్రిజ్‌లో పెడితే త్వరగా పేరుకుంటుంది తప్ప లాభం లేదు. చవకగా వస్తుందని కిలో సీసా కొనే బదులు, గాజు సీసాలో పావుకిలో తెచ్చుకుని, అది అయిపోయాక మరొకటి తెచ్చుకోవడం ఇక్కడి వాతావరణానికి సరిపోతుంది.