లిఫ్ట్ చేసిన ర్యామ్ 2500కి ముందు డ్రైవ్‌షాఫ్ట్ మార్చాక: నాలుగో చలికాలంలో ఎలా ఉంది

డాడ్జ్ ర్యామ్ 2500, 2006 మోడల్, 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్, ఆటోమేటిక్. నాలుగంగుళాల లిఫ్ట్ (బండిని అంత ఎత్తు పైకి లేపించాను), 35 అంగుళాల టైర్లు. ఉండేది డెన్వర్ పక్కన అరోరాలో. చలికాలమంతా ఐ-70 మీద ఐజన్‌హోవర్ టన్నెల్ దాటి అవతలికి పోయి రావడం, ఎండాకాలం క్యాంపర్ తగిలించుకుని లెడ్‌విల్ వైపు కొండదారుల్లో తిరగడం. ఈ వాడకానికి, ముందు యాక్సిల్‌కి ఇంజిన్ బలం అందించే ఫ్యాక్టరీ షాఫ్ట్ తీసేసి గ్రీజు కొట్టుకునే వీలున్న 1350 సైజు జాయింట్లతో కొత్త షాఫ్ట్ చేయించి వేసుకున్నాను. ఇది నాలుగో చలికాలం. బిగించిన వారానికే ‘సూపర్’ అని రాసే సమీక్షలు బోలెడున్నాయి. పాతబడ్డాక సంగతి చెప్పేవాళ్లే తక్కువ.

ముందు ఒక సంగతి. 2003 నుంచి 2012 దాకా వచ్చిన ఈ రకం బండ్లలో ముందు చక్రాలకూ యాక్సిల్‌కూ మధ్య సంబంధం తెంచే ఏర్పాటు లేదు. చక్రాల దగ్గరే విడదీసే లాకింగ్ హబ్బులూ లేవు, యాక్సిల్ ట్యూబులో డిస్కనెక్టూ లేదు. మీరు టూవీల్‌లో, అంటే వెనక చక్రాల బలంతోనే, కాస్ట్‌కోకి పాల కోసం వెళ్తున్నా ముందు షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. 3.73 రేషియోతో (చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ 3.73 చుట్లు), 35 టైర్లతో గంటకు 65 మైళ్ల మీద పోతుంటే నిమిషానికి దగ్గర దగ్గర 2,400 చుట్లు. ఇంజిన్ బలం దాని మీద పడకపోయినా అరుగుదల మాత్రం ఆగదు. ‘నేను ఫోర్‌వీల్ ఏడాదికి రెండుసార్లు వాడతాను, నాకెందుకు ఈ గోల’ అనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

లిఫ్ట్ లేని ఎత్తులో ఫ్యాక్టరీ షాఫ్ట్‌తో నాకు ఏ పేచీ లేదు, లక్ష మైళ్లు దాటి చక్కగా నడిచింది. దాన్ని గీసినవాళ్లు నాలుగంగుళాలు పైకి లేపుతామని గీయలేదు కదా. ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు, వెనక షాఫ్ట్‌లకు పంచే పెట్టె) వైపు డబుల్ కార్డాన్ జాయింట్, అంటే రెండు క్రాసులు (షాఫ్ట్ వంగి తిరగనిచ్చే కూడిక గుర్తులాంటి ముక్కలు) పక్కపక్కనే, మధ్యలో వాటిని సమంగా ఉంచే సెంటరింగ్ బాల్. యాక్సిల్ వైపు ఒంటి క్రాస్. షాఫ్ట్ పొడవు మూడడుగుల పైచిలుకు అనుకుంటే నాలుగంగుళాల లిఫ్ట్‌కి దాని వాలు ఆరు డిగ్రీల దాకా పెరుగుతుంది. ఒంటి క్రాస్ వంగి తిరిగినప్పుడు అవతలి కొస ఒకే వేగంతో తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరికి రెండుసార్లు వెనకబడుతుంది. కోణం రెట్టింపైతే ఆ హెచ్చుతగ్గులు నాలుగు రెట్లవుతాయి. 65 మైళ్ల మీద అది సెకనుకు 80 సార్లు జరుగుతుంది. ఫ్లోర్ నుంచి అరికాళ్లకు సన్నగా తగిలే జుమ్ము అదే.

డబుల్ కార్డాన్ పని వంపుని రెండు క్రాసుల మధ్య సగం సగం పంచి, వాటి హెచ్చుతగ్గుల్ని ఒకదానితో ఒకటి చెల్లు వేయించడం. అది జరగాలంటే సెంటరింగ్ బాల్ బాగుండాలి. ఫ్యాక్టరీ జాయింటు సీల్ చేసింది, గ్రీజు కొట్టడానికి నిపిల్ లేదు. లోపల ఎండిపోయిందని మనకు తెలిసేది చెవితోనే: పార్కింగ్ లాట్‌లో మెల్లగా పోతుంటే కిటికీలోంచి పిచ్చుకల కిచకిచలాంటి శబ్దం. వేగం పెరిగితే వినపడదు. నాది అలాగే మొదలైంది. కింద దూరి చూస్తే క్రాస్ కప్పుల చుట్టూ ఇటుక రంగు పొడి. విప్పి కప్పు ఊడదీస్తే సూదుల్లాంటి సన్నటి బేరింగులు ఉండాల్సిన చోట సగం సూదులు, సగం ఆ పొడే. ఈ స్థితిలో నడిపిస్తూ పోతే ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు జాయింటు విరుగుతుంది. విరిగిన కొస హైవే వేగంలో గిరగిరా కొట్టుకుంటూ పక్కనే ఉన్న గేర్‌బాక్స్ అల్యూమినియం కేసును పగలగొడుతుంది. అప్పుడు లెక్క షాఫ్ట్ ధరలో కాదు, గేర్‌బాక్స్ ధరలో ఉంటుంది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ సర్వీసుకి వచ్చిందంటే క్లీనర్ కుర్రాడు ముందు చేసే పని గ్రీజు గన్ పట్టుకుని క్రాసుల దగ్గరికి పోవడం. కొత్త గ్రీజు నాలుగు కప్పుల్లోంచీ బయటికి తన్నేదాకా కొడతాడు. అది చూసి పెరిగినవాడికి ‘జీవితకాలం సీలు’ అన్న మాట ఎప్పుడూ పూర్తిగా రుచించదు.

అనుమానం ఉన్నవాళ్లకు డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ముందు షాఫ్ట్ మొత్తం విప్పి పక్కన పెట్టి హైవే మీద ఒక చుట్టు వేయండి. ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు ఫ్లాంజ్ బోల్టులే కాబట్టి ఆయిల్ కారదు. వణుకు పోతే దొంగ దొరికినట్టే. పోకపోతే టైర్లు, వెనక షాఫ్ట్ చూసుకోవాలి. షాఫ్ట్ కొనేముందు ఇది చేయనివాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది.

షాఫ్ట్ చేయించింది ఊళ్లో డ్రైవ్‌లైన్ పని మాత్రమే చేసే ఒక చిన్న షాపులో. ఆన్‌లైన్‌లో ‘ఈ మోడల్‌కి సరిపోతుంది’ అని అమ్మే రెడీమేడ్‌ల జోలికి పోలేదు, ఎందుకంటే ఒకరి నాలుగంగుళాలు ఇంకొకరి నాలుగంగుళాలు ఒకటి కావు. స్ప్రింగులు కుంగిపోయి ఉంటాయి, ముందు బంపర్‌కి వించ్ ఉంటుంది. షాపువాళ్లు అడిగిన కొలత: బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజ్ ముఖం నుంచి పినియన్ యోక్‌లో (యాక్సిల్ వైపు షాఫ్ట్ తగిలే చోట) క్రాస్ నడిమి దాకా. జాకీ మీద లేపి కొలిస్తే యాక్సిల్ కిందికి వేలాడి కొలత తప్పు వస్తుంది. రెండో కొలత మాత్రం కావాలనే వేలాడదీసి తీసుకున్నారు, స్లైడింగ్ స్ప్లైన్ (షాఫ్ట్ పొడవు సాగి ముడుచుకునే భాగం) ఎంత దాకా సాగాలో తెలియడానికి.

1350 అంటే కప్పు వ్యాసం 1.188 అంగుళాలు. చిన్న బండ్లలో ఎక్కువగా కనిపించే 1310లో అది 1.062. చేతిలో రెండు క్రాసులూ పెట్టుకుంటే తేడా కాగితం మీద అంకెల కంటే ఎక్కువగా తెలుస్తుంది. ఖర్చు ఏడు వందల డాలర్లకు కాస్త అటు అయింది. బిగించడం గంట పని. పాత స్ట్రాపులూ బోల్టులూ మళ్లీ వాడకుండా కొత్తవి వేసి, థ్రెడ్‌లాకర్ రాసి, టార్క్ రెంచితో బిగించాక ప్రతి బోల్టు తల మీదా పసుపు మార్కర్‌తో గీత గీశాను. తర్వాత కింద దూరినప్పుడు గీత చెదిరిందా లేదా చూస్తే చాలు.

అసలు కథ బిగించాక ఉంది. కిచకిచ పోయింది, కిందనుంచి వచ్చే కటకట పోయింది. జుమ్ము మాత్రం సగమే తగ్గింది. షాపువాళ్లు షాఫ్ట్ మళ్లీ బ్యాలెన్స్ మిషన్ మీద పెట్టి చూపించారు, అందులో తప్పు లేదు. తప్పు పినియన్ కోణంలో ఉంది. డబుల్ కార్డాన్ షాఫ్ట్‌కి పినియన్ నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు చూస్తుండాలి, ఆ కొసన ఉన్న ఒంటి క్రాస్ దాదాపు తిన్నగా ఉండాలి. అది వంగి ఉంటే దానికి చెల్లు వేసే రెండో క్రాస్ లేదు. 1350 కాదు, అంతకంటే లావైంది వేసినా వణుకు వణుకే. కాకపోతే బలమైన జాయింటు వణుకుతుంది, అంతే.

ముందు యాక్సిల్‌లో చిక్కేమిటంటే స్టీరింగ్ నకిల్స్ మోసే ‘సి’లు యాక్సిల్ ట్యూబుకి వెల్డింగ్ అయి ఉంటాయి. పినియన్ పైకెత్తితే యాక్సిల్ మొత్తం తిరిగి క్యాస్టర్ (బండిని తిన్నగా నడిపించే స్టీరింగ్ వాలు) తగ్గిపోతుంది, బండి హైవే మీద ఆ లేన్‌కీ ఈ లేన్‌కీ దిక్కులు చూస్తుంది. క్యాస్టర్ కోసం వెనక్కి తిప్పితే పినియన్ కిందికి దిగి క్రాస్ వంగుతుంది. రెండూ కావాలంటే ‘సి’లు కోసి తిప్పి మళ్లీ వెల్డ్ చేయాలి, అది మన వాడకానికి మించిన పని. యాక్సిల్‌ని చట్రానికి పట్టి ఉంచే కంట్రోల్ ఆర్ముల్లో పొడవు మార్చుకునేవి వేయించి, డిజిటల్ యాంగిల్ మీటర్ పెట్టుకుని, చివరికి క్యాస్టర్ నాలుగు డిగ్రీల దగ్గర, పినియన్ క్రాస్ మూడు డిగ్రీల లోపు ఆపాం. 70 దాటితే సన్నగా ఏదో ఉందని నాకు తెలుస్తుంది, పక్క సీట్లో మా ఆవిడకి తెలియదు. ఈ బండికి ఇంతకంటే అక్కర్లేదు.

అందుకే ఎవరైనా అడిగితే ముందు ఆర్ములు, తర్వాత షాఫ్ట్ అంటాను. చేతిలో డబ్బు ఒక్కదానికే ఉండి పాత షాఫ్ట్ ఇంకా ఆడకుండా గట్టిగా ఉంటే ఆర్ములే కొనండి. అది ఆడుతుంటే మాత్రం విప్పి గ్యారేజీలో పడేసి, డబ్బు కుదిరేదాకా టూవీల్‌లో నడుపుకోవడం మేలు.

ఇన్నాళ్ల వాడకంలో దీనితో ఉన్న సంబంధమంతా గ్రీజుదే. ఆయిల్ మార్చిన ప్రతిసారీ గ్రీజు, మంచులో బాగా తిరిగిన నెలల్లో మధ్యలో ఇంకోసారి. కొలరాడోలో చలికాలం రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం చల్లుతారు. అది మంచుకి మందు, ఇనుముకి విషం. బండి కింద కడిగించకపోతే ఎంత మంచి సీలూ నిలవదు. క్రాసులకు కొట్టడం సులువే. స్ప్లైన్‌కి మాత్రం తక్కువ కొట్టాలి, లోపల నింపేస్తే షాఫ్ట్ ముడుచుకోలేక గుంతలో దెబ్బంతా ట్రాన్స్‌ఫర్ కేస్ బేరింగ్ మీద పడుతుంది.

తిట్టుకునేది సెంటరింగ్ బాల్ నిపిల్ దగ్గర. అది రెండు యోకుల సందులో లోపలికి ఉంటుంది, మామూలు గ్రీజు గన్ మూతి పట్టదు, సూదిలాంటి నాజిల్ కావాలి. ఆ సూది సరిగ్గా కూర్చోవాలంటే షాఫ్ట్‌ని ఒకే ఒక్క స్థితిలో ఆపాలి. ఒక ముందు చక్రం జాకీ మీద లేపి, మనిషొకరు చక్రాన్ని అంగుళం అంగుళం తిప్పుతుంటే నేను కింద పడుకుని ‘ఆపు, ఆపు, కొంచెం వెనక్కి’ అంటూ ఉంటాను. చాలామంది ఈ ఒక్క నిపిల్ వదిలేస్తారు. ముందు పోయేదీ అదే. గ్రీజు కొట్టనివాళ్లకు ఈ షాఫ్ట్ వద్దు. మంచి సీల్డ్ జాయింటు వేసుకుని కొన్నేళ్లకోసారి మార్చుకోవడం వాళ్లకు నయం.

మరో ఫిర్యాదు పెయింటు. షాపువాళ్లు వేసిన నల్ల పెయింటు మొదటి చలికాలానికే పొలుసులుగా లేచింది. బ్రష్షు కొట్టి నేనే మళ్లీ వేశాను. ట్యూబు మందం చూస్తే తుప్పు వల్ల భయం లేదు గానీ, ఇంత డబ్బు తీసుకుని ఆ పనేదో సరిగ్గా చేయొచ్చు.

హబ్బుల సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. ఈ బండికి డైనట్రాక్, స్పిన్‌టెక్ లాంటి ఫ్రీస్పిన్ కిట్లు దొరుకుతాయి. వేయిస్తే టూవీల్‌లో ముందు షాఫ్ట్ తిరగడమే ఆగిపోతుంది, రోగం మూలంలోనే పోతుంది. కానీ అది రెండు వేల డాలర్ల పైమాట, పైగా మంచు పడ్డప్పుడు బండి దిగి హబ్బు చేత్తో తిప్పాలి. చలికాలం ఐ-70 మీద పొడి రోడ్డు, ఐసు గంటలోపే మారిపోతుంటాయి. నాకు డ్యాష్ దగ్గర్నుంచే ఫోర్‌వీల్ పడటం ముఖ్యం, అందుకే షాఫ్ట్ వైపు మొగ్గాను. టెక్సస్‌లోనో అరిజోనాలోనో ఉండి ఏడాదంతా పొడి హైవే మీదే తిరిగేవాళ్లయితే హబ్బులకే డబ్బు పెట్టడం మంచిదంటాను.

ఇప్పుడు మైళ్లు నలభై వేలు దాటాయి. యాక్సిల్ వైపు క్రాస్ ఒకసారి మార్చాను, పాతది చేత్తో తిప్పితే ఒక చోట చిన్నగా పట్టుకుంటోంది. ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు రెండు క్రాసులూ మొదటివే, ఊపి చూస్తే ఆట లేదు. సెంటరింగ్ బాల్‌లో మాత్రం ఈ మధ్య వేలికి తెలిసేంత వదులు వచ్చింది. దాని కిట్ తెప్పించి పెట్టాను, మంచు తగ్గి గ్యారేజీలో చేతులు కొంకర్లు పోకుండా పనిచేసే రోజులు రాగానే వేస్తాను.