ఐదు గంటల జెండాతో హైదరాబాద్ మారథాన్

గత ఆగస్టులో నేను విజయనగరం నుంచి హైదరాబాద్ మారథాన్‌కు స్వచ్ఛంద పేసర్‌గా వెళ్లాను. 42.195 కిలోమీటర్లను ఐదు గంటల్లో పూర్తి చేయాలనుకునేవారికి దారి చూపడం నా పని. పేసర్‌కు పారితోషికం ఉండదు. చేతిలో సమయం రాసిన జెండా ఉంటుంది, దాన్ని నమ్ముకుని వెనకాల ఒక గుంపు వస్తుంది. ఆ గుంపునే మన రన్నర్లు బస్సు అంటారు. అందువల్ల రైలును, బసను, భోజనాన్ని ఈసారి ఒకే లెక్కన చూశాను: ఆదివారం తెల్లవారుజామున జెండా అందుకునే వేళకు నేను నిద్ర తీరి, కడుపు తేలిగ్గా ఉండి నిలబడగలనా?

విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో శనివారం ఉదయం సికింద్రాబాద్‌లో దిగాను. బిబ్, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు చీటీ, తీసుకోవడానికి మాదాపూర్ హైటెక్స్‌కు వెళ్లాలి. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా హైటెక్ సిటీలో దిగవచ్చు. అంతవరకు సుఖమే కానీ, బిబ్‌లు పంచే ఎక్స్‌పోలో వరుసల్లో నిలబడి, తిరిగి అమీర్‌పేటలో రైలు మారి ఖైరతాబాద్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది, కాళ్లు లాగాయి. మన జిల్లాల నుంచి వెళ్లేవారు ఒక రోజు ముందే చేరుకోవడం మంచిది.

పరుగు ముగిసేది గచ్చిబౌలి స్టేడియంలో కాబట్టి అక్కడే బస చూసుకోమని మిత్రులు చెప్పారు. మొదలయ్యేది నెక్లెస్ రోడ్డులో కాబట్టి నేను ఖైరతాబాద్ లాడ్జినే ఎంచుకున్నాను, ఇప్పటికీ అదే సరైనదంటాను. ముగిశాక ఆటో కోసం అరగంట ఆగినా నష్టం లేదు, మొదలుకు ముందు అరగంట పోతే బస్సు మొత్తం పోతుంది. గది శుభ్రంగా ఉంది. అయితే తెల్లవారుజామున మూడింటికి వేడినీళ్లు ఇస్తామన్న మాట నిలబెట్టుకోలేదు. పైగా గేటుకు తాళం వేసి ఉంది, కాపలాదారును లేపి తీయించుకోవడానికి పది నిమిషాలు పట్టింది. రాత్రి పడుకునే ముందే కాపలాదారుతో స్వయంగా మాట్లాడుకోవాలి. భోజనానికి లక్డీకాపూల్ మెస్సులో పప్పు, పెరుగన్నం దొరికాయి. ఆవకాయ వైపు చూడలేదు. జేబులో ఇంటి నుంచి తెచ్చిన చిమ్మిలి ఉండలు ఉన్నాయి. పరుగులో శక్తి కోసం కొనే తీపి జెల్‌ల కంటే అవే నాకు బాగా పడతాయి.

కిలోమీటరుకు 7 నిమిషాల 6 సెకన్ల చొప్పున వెళితే 4:59:35కు ముగుస్తుంది, చేతిలో మిగిలేది 25 సెకన్లు. కాగితం మీద ఇది సులువే. రామతీర్థం రోడ్డు మీద, చదునుగా ఉంటుంది గనుక, ఈ లెక్క తప్పేది కాదు. హైదరాబాద్ దారి అలా ఉండదు. పంజాగుట్ట ఫ్లైఓవర్, జూబ్లీహిల్స్ ఎక్కుడు, ఆ తర్వాతి మిట్టపల్లాలు ఒక్కొక్కటిగా ఊపిరి తీసేస్తాయి. ఎక్కుడులో అదే వేగం పట్టుకుంటే వెనకవాళ్లు 30వ కిలోమీటరుకే ఖాళీ అయిపోతారు. సింహాచలం ఘాట్ రోడ్డులో చేసిన సాధన ఇక్కడ అక్కరకొచ్చింది: మిట్టలో పది పదిహేను సెకన్లు వదిలేసి, దిగుడులో తొందరపడకుండా కొంచెం కొంచెంగా రాబట్టుకున్నాను. మెట్రో వంతెన పక్కన పరుగెత్తేటప్పుడు గడియారంలోని జీపీఎస్ దూరం ఎక్కువ చూపింది. అందుకే దాన్ని పక్కనపెట్టి, కిలోమీటరు బోర్డు దగ్గర ఆ కిలోమీటరు సమయం చూపే ల్యాప్ బటన్ చేత్తో నొక్కుతూ, ముంజేతికి చుట్టుకున్న సమయాల పట్టీతో సరిచూసుకున్నాను.

నీళ్ల ఏర్పాట్లు బాగున్నాయి, తెల్లవారకముందే లేచి వచ్చిన పిల్లలు గ్లాసులు చేతికే అందించారు. కేబుల్ బ్రిడ్జి మీద నా మాట విని ఒకాయన పక్కకు వచ్చి, "ఏటండి మాస్టారూ, మనది ఇజీనారమేటి?" అన్నాడు. ఆయనది పలాస, ఉద్యోగం మాదాపూర్‌లో, ఇది మొదటి ఫుల్ మారథాన్. పిక్కలు పట్టేస్తుంటే జేబులోని చివరి చిమ్మిలి ఉండ ఇచ్చి, నీళ్లు రెండు గుక్కలే తాగమని, అడుగులు చిన్నవి చేయమని చెప్పాను. బయలుదేరినప్పుడు వెనక నలభై మంది వరకు ఉన్నారు. స్టేడియం గేటు దగ్గర పదకొండు మంది మిగిలారు, ఆయన వారిలో ఉన్నాడు. నేను 4:59:21కి గీత దాటాను, ఆయన నాకంటే రెండడుగులు ముందున్నాడు.